తుపాకీ పేల్చుకోవడానికి కాస్త చోటు

మొన్న మధ్యాహ్నం ఖరగ్‌పూర్ స్టేషన్లో పైవంతెన మెట్లు దిగుతుంటే కింద పట్టాల మీద ఢామ్మని ఏదో పేలింది. ఒక్క క్షణం ఆగి ఇంకొకటి. నా ముందు దిగుతున్న ఆవిడ సంచీ వదిలేసి పక్క కమ్మీ పట్టుకుంది. "కుఛ్ నహీ దీదీ, కోయీ డ్రైవర్ రిటైర్ హో రహా హై" అని ఒక కూలీ ధైర్యం చెప్పి, దొర్లిపోతున్న ఉల్లిపాయలు ఏరి ఇచ్చాడు.

నాకా సంగతి తెలుసు. డ్రైవరు తన ఆఖరి బండి తెచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టే రోజున రైల్వేవాళ్లు పట్టాలకు పటాకాలు కట్టి పేలుస్తారు. పటాకా అంటే దీపావళి సరుకు కాదు. బూట్‌పాలిష్ డబ్బీ అంత రేకు బిళ్ల, చక్రం ఎక్కగానే పేలుతుంది. దాని అసలు ఉద్యోగం వేరే ఉంది, అది ముందు ముందు చెబుతాను. ఇలాంటి మర్యాదకి మాత్రం పదో పన్నెండో వరసగా కట్టడం ఆనవాయితీ. అందుకని నేను మెట్టు మీదే నిలబడి మూడోదాని కోసం చూశాను. రాలేదు. నాలుగోదీ రాలేదు. రెండంటే రెండే పేలి ఊరుకున్నాయి.

రెండే పేలడమంటే నాకు ఒక్క మనిషి గుర్తొస్తాడు. పోయిన శ్రావణంలో కాలం చేశాడు. పూరీ గేట్ దగ్గర తెలుగు వీధిలో పిల్లాజెల్లా అందరికీ ఆయన మావయ్య. నాకు చుట్టరికమేమీ లేదు. మాది కృష్ణా జిల్లా. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగానికి వచ్చి, ఆయన మేడ మీద గదిలో నాలుగేళ్లు అద్దెకున్నాను. నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు. నేను మాస్టారుని కానండీ అని మొదట్లో మొత్తుకున్నాను. "కాలేజీ జీతం తిన్నోడు మాస్టారు కాకపోతే మరేటి?" అని కొట్టిపారేశాడు.

కొట్టడమంటే గుర్తొచ్చింది. ఆయన ప్రతిదాన్నీ కొట్టేవాడు. వర్క్‌షాపులో చక్రాల సెక్షన్లో ముప్పై ఎనిమిదేళ్లు చేసిన పని అదే. చిన్న సుత్తితో చక్రాన్ని కొట్టి వినడం. బాగున్న చక్రం గంటలా పలుకుతుంది, బీట పడ్డది బొంగురుపోతుంది. సర్వీసు అయిపోయింది గానీ చెయ్యి మాత్రం రిటైర్ కాలేదు. సుత్తి లేకపోతే వేలి కణుపు ఉంది కదా. పుచ్చకాయలు, గ్యాసు సిలిండర్లు, డాక్టరు బల్ల, పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల కారు డోరు, అన్నీ ఆయన కణుపు దెబ్బ తిన్నవే. నేను ట్రంకుపెట్టెతో దిగిన రోజు, పెట్టెను కొట్టి విన్నాడు. తర్వాత నా తల మీదున్న హెల్మెట్‌ను, తల లోపల ఉండగానే, కొట్టి విన్నాడు. "పలికింది. పనికొస్తాడు" అని లోపలికి కేకేశాడు. అత్తమ్మ, అంటే ఆయన భార్య, అప్పుడు గానీ మంచినీళ్లు తేలేదు.

"పలకనిది ఏదైనా తుక్కే మాస్టారూ" అనేవాడు. ఈ మాట రోజుకి నాలుగుసార్లయినా విని ఉంటాను.

ఆయన దగ్గర ఒక తుపాకీ ఉండేది. జోడు గొట్టాలది, లైసెన్సు ఉన్నది. తుపాకీ అన్న మాటలో సగం మన నోట్లో ఉండగానే "పుస్తకం ఉన్నాది" అనేవాడు. లైసెన్సు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో, అది చొక్కా లోపలి జేబులో. ఎప్పుడో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ మావయ్య తండ్రికి అమ్మి వెళ్లాడట. ఆ గార్డు దాంతో చలికాలం బాతుల్ని కొట్టేవాడట, క్రిస్మస్ టర్కీ కోడిని మాత్రం బజార్లో కొనుక్కునేవాడట. మావయ్య ఇంటికొచ్చాక తుపాకీ పూర్తిగా శాకాహారంలోకి దిగిపోయింది. "నా కాపరంలో ఇది కొట్టింది ఒక్క మా వంటింటి రేకునే బాబూ" అని అత్తమ్మ గరిటెతో పైకి చూపించేది. పెళ్లైన కొత్తలో ఆవిడకు చూపించి మురిపిద్దామని తుడుస్తుంటే పేలిందట. ఆ చిల్లులోంచి వానాకాలంలో ఇప్పటికీ చారులోకి చుక్కలు పడతాయి.

తుపాకీకి ఏడాదికి ఒకటే డ్యూటీ. చలి వెళ్లి ఎండలు ముదిరే లోపు ఇక్కడి తెలుగు వీధుల్లో అమ్మవారి పూజలొస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికొచ్చిన తాతలు మూటాముల్లెతో పాటు తెచ్చుకున్న పూజలు. ఆఖరి రోజు ఆడవాళ్లు ఘటాలు తలకెత్తుకుంటారు. డప్పులన్నీ ఒక్కసారి ఆగుతాయి. మావయ్య ఆకాశంలోకి ఒక్కటి పేలుస్తాడు. అప్పుడే అమ్మవారు వీధి కదలాలి. తూటాలోంచి సీసపు రవ్వలు తీసేసి, కొవ్వొత్తి మైనంతో మూతి మూసేవాడు. ఏటా ఠాణాలో అర్జీ పెట్టి, ఆ ఒక్క తూటాకీ రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకునేవాడు. ఆ కాయితం కూడా రెండు కవర్లలోనే ఉండేది.

నేను అద్దెకు దిగిన ఏడాదే అది పేలలేదు.

డప్పులు ఆగాయి. వీధి వీధంతా చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడింది. మావయ్య కొత్త పంచె కట్టుకుని, తుపాకీ పైకెత్తి, కన్ను మూసి నొక్కాడు. టిక్కుమంది. రెండో గొట్టం నొక్కాడు. అదీ టిక్కే. చెవుల్లోంచి ఒక్కొక్క వేలే బయటికి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఎవరో నోటితో "ఠాయ్!" అన్నారు. నవ్వే వాళ్ల ముందు జారిపడ్డట్టయింది ఆయన పని. అమ్మవారు ఆ నవ్వుల మధ్యే కదిలి వెళ్లింది.

తర్వాత వారం రోజులు మావయ్య టీకి బయటికి రాలేదు. ఒకరోజు కిందికి వెళ్తే, తుపాకీ ఒళ్లో పెట్టుకుని గొట్టాన్ని కణుపుతో కొట్టి వింటున్నాడు.

"ఇది తుక్కయిపోనాదో, నాను తుక్కయిపోనానో తెలడం నేదు మాస్టారూ" అన్నాడు.

నాకు చాలా జాలేసింది.

గోరుచుట్టు మీద రోకలిపోటు లాగా పూజా కమిటీ సెక్రటరీ ఒకడు. గూడ్సు బండి డ్రైవరు, ఆ వీధివాడే, మావయ్యను "మావా" అంటూ పెరిగినవాడే. మంచివాడు గానీ బొత్తిగా లెక్కప్రకారం మనిషి. వచ్చే ఏడు తుపాకీ వద్దు, సౌండ్ బాక్సులో తుపాకీ మోత పెట్టేద్దాం అన్నాడు.

"ఫోన్లో ఇలగ నొక్కితే సాలు మావా. ఎన్ని కావాలంటే అన్ని పేలతాయి."

"అమ్మోరికి ఫోను సేస్తావేట్రా?" అన్నాడు మావయ్య.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పూజకు ముందు మాఘమాసంలో కమిటీ కూర్చున్నప్పుడు, తుపాకీ ఖాయంగా పేలుతుందని మావయ్య మాటిస్తే తుపాకీయే. లేదంటే బాక్సు. మావయ్య మాటిచ్చేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయన అలా ఇచ్చే మనిషి కాదు. "కొట్టి ఇనకుండా ఒక్క సక్రానికీ సంతకం పెట్టనేదు మాస్టారూ. దీనికెలగ పెడతాను?" అన్నాడు. అత్తమ్మ చింతపండు జాడీ వెనక చెమ్మపట్టిన పాత తూటాలు పక్కనపడేసి కొత్తవి తెచ్చాడు. తుపాకీ విప్పి తుడిచి నూనె పెట్టాడు. ఇక మిగిలింది ఎక్కడైనా ఒకసారి పేల్చి వినడం. ఠాణా అనుమతి పూజ రోజుకే. తుపాకులు బాగుచేసే దుకాణంవాడు మూడు నెలలు తన దగ్గర వదిలి వెళ్లమన్నాడు. కన్నబిడ్డని ఒగ్గేసి రమ్మన్నట్టు బాధపడిపోయి తిరిగొచ్చాడు.

ఒకప్పుడు అంత పొడుగు ప్లాట్‌ఫారం మరెక్కడా లేదని చెప్పుకున్న ఊరిది. ఇందులో తుపాకీ పేల్చుకోవడానికి మాత్రం జానెడు జాగా లేదని నాకు ఆ చలికాలంలోనే తెలిసింది. ఎందుకంటే స్కూటరు నాది.

సరంజామా చెప్పాలి. వర్క్‌షాపులో రిటైరైన రోజున ఆయనకు దండా, శాలువా, ఒక పొడుగు గొడుగూ ఇచ్చారు. ఆ గొడుగంటే ఆయనకు మహా కోపం. "డ్రైవరు దిగిపోతే పటాకాలు పేలుస్తారు. ఆడి బండి సక్రం బాగున్నాదని సెప్పినోణ్ణి నాను. నాకేటి? గొడుగు!" అనేవాడు. కసికొద్దీ జడివానలో కూడా దాన్ని విప్పలేదు. దాని గుడ్డ తొడుగు మాత్రం ఇప్పుడు పనికొచ్చింది. తుపాకీ రెండు ముక్కలుగా విడిపోతుంది. గొట్టాలు గొడుగు తొడుగులో, చెక్క మడమ కూరగాయల సంచిలో, పైన ఒక కాలీఫ్లవరు.

"మీ కాలేజీలో అడివున్నాది, సెరువులున్నాయి. ఓ మూల రెండు పేల్సుకుంటే ఎవులికి తెలుస్తాది?" అన్నాడు మొదట. నా ఉద్యోగం మీద నాకు ప్రేమ ఉందని చెప్పాను. అయినా ఒక సాయంత్రం తనంతట తానే మా కాలేజీ ప్రేమ్ బజార్ గేటు దాకా వచ్చాడు. సెక్యూరిటీ అతను గొడుగు తొడుగు చూసి, ఆకాశం చూసి, వాన లేదు కదా దాదూ, మోసుకుని ఎందుకు తిరగడం, నా గదిలో పెట్టి వెళ్లండి అని ప్రేమగా చెయ్యి చాపాడట. మావయ్య ఎంత వేగంగా వెనక్కి తిరిగాడంటే, నేను గేటు దగ్గరికి వచ్చేసరికి టీకొట్టు వెనక దాక్కుని ఆయాసపడుతున్నాడు.

తర్వాతి ఆదివారం ఊరి బయట సాలవృక్షాల అడవికి వెళ్లాం. ఎండుటాకుల మీద మా నడకే తప్ప చప్పుడు లేదు. ఇంతకంటే చోటు దొరకదనుకుంటూ మావయ్య తుపాకీ బిగించాడు. తలెత్తి చూద్దుం కదా, చెట్ల మధ్య విస్తరాకులు కుట్టడానికి ఆకులేరుకునే ఆడవాళ్లు నలుగురు.

"కీ గో దాదూ, పాఖీ మార్బే?" అంది ఒకావిడ. పిట్టల్ని కొడతావా తాతా అని.

లేదమ్మా, ఊరికే పేలుతుందో లేదో చూసుకుంటానని మావయ్య బెంగాలీలో చెప్పాడు. వాళ్లకు భలే సరదా వేసింది. ఆకుల మూటలు దించి, వరసగా కూర్చుని, చెవులు మూసుకుని, ఇక కానియ్యమన్నారు. మావయ్య తుపాకీ ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. పోయిన ఏడు చెవులు మూసుకున్న జనం ఆయన కళ్లలో మెదిలి ఉంటుంది. ఇంతలో అందులో పెద్దావిడ, ఏనుగులు నిన్ననే ఆ పక్క పొలాల్లోకి దిగాయి, మోతకు బెదిరి ఇటొచ్చాయంటే నీ తుపాకీ చాలదు దాదూ అంది. చెప్పొద్దూ, అందరికంటే ముందు స్కూటరెక్కింది నేనే.

కంసాయి నది ఇసుకలో సంగతి ఇంకా అన్యాయం. అక్కడ పిక్నిక్ వాళ్లు పెట్టిన పాటల మోతలో తుపాకీ పేలినా మాకే వినపడేది కాదు. వాళ్లు పిలిచి కిచిడీ పెట్టారు. మావయ్య రెండు విస్తర్లు తిని, వండిన గిన్నెను కొట్టి చూసి, మంచి గిన్నె అని మెచ్చుకుని వచ్చేశాడు.

మీటింగు ఇంక నాలుగు రోజులుందనగా, తెల్లారి ఆరింటికి నా తలుపు కొట్టాడు. కిటికీలోంచి చూస్తే ఎదురిల్లు లేదు. అంత పొగమంచు.

"లెగు మాస్టారూ. ఇలాటి మంచులో ఎవుడూ రాడు. వొచ్చినా అగుపడడు."

ఊరవతల రైలు కట్ట పక్కన మూతపడిన ఇటుకల బట్టీ ఒకటుంది. మట్టి తవ్విన గొయ్యి తాటిచెట్టు లోతు ఉంటుంది. స్కూటరు పైన పెట్టి, తడుముకుంటూ దిగాం. మావయ్య తుపాకీ బిగించి, రెండు కొత్త తూటాలు పెట్టి, అమ్మవారికి దణ్ణం పెట్టి, ఎదురు మట్టిగోడకు గురిపెట్టాడు. నన్ను చెవులు మూసుకోమన్నాడు. నేను కళ్లు కూడా మూసుకున్నాను.

ఢామ్మంది. ఒక్క క్షణం ఆగి మళ్లీ ఢామ్మంది.

కళ్లు తెరిచేసరికి ఆయన పొగలో నిలబడి ఉన్నాడు. తుపాకీ దించి, గొట్టం మీద కణుపుతో చిన్నగా కొట్టాడు. "పలికినాది. రెండూ పలికినాయి మాస్టారూ!" అని నన్ను కావలించుకున్నాడు. అరవై అయిదు దాటిన మనిషి ఆ గోతిలో గిర్రున ఒక చుట్టు తిరిగాడు. నేనూ తిరిగాను, సిగ్గెందుకు.

అప్పుడు మా తల మీద, మంచులో, ఇంజను కూత వినిపించింది. పొడుగ్గా ఒకటి, ఆగి ఆగి ఇంకొన్ని. ఆ వెనకే ఇనుము ఇనుముతో రాసుకునే కీచుమోత. గొయ్యి అంచున, కట్ట మీద, మంచులోంచి ఒక ఇంజను ముక్కు బయటికొచ్చి సరిగ్గా మా ఎదుట ఆగింది.

ఇప్పుడు పటాకా అసలు ఉద్యోగం చెప్పాలి. పొగమంచులో సిగ్నలు దీపం కనపడదు. అందుకని సిగ్నలుకి కాస్త ఇవతలే పట్టా మీద రెండు పటాకాలు కడతారు. రెండు మోతలు వినపడితే, ముందు సిగ్నలుంది, వేగం తగ్గించి చూసుకోమని డ్రైవరుకు అర్థం. ఇప్పుడు ఇంజన్లలో మంచు కోసం యంత్రాలొచ్చాయి గానీ పటాకాలు ఇంకా పోలేదు. మంచు పట్టిన పొద్దున, పట్టాల పక్కన, వరసగా రెండు పేల్చకూడదని రైల్వే కాలనీలో పాలుతాగే పిల్లకైనా తెలుస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న మావయ్యకు తట్టలేదు. "నాను బండికి సక్రం బిగించినోణ్ణి మాస్టారూ, బండి తోలినోణ్ణి కాను" అని తర్వాత సమర్థించుకున్నాడు.

ఇంజను కిటికీలోంచి టార్చి లైటు గోతిలోకి దిగింది.

"ఎవుల్రా అక్కడ? సిగ్నలు నేని సోట పటాకాలు ఎవులు కట్టినారు?"

లైటు నా ముఖం మీది నుంచి మావయ్య మీదికి జరిగి ఆగిపోయింది.

"మావా?"

ఖరగ్‌పూర్లో ఇంజను కిటికీలోంచి తెలుగు వినపడటం వింత కాదు. ఆ గొంతు పూజా కమిటీ సెక్రటరీది కావడం మా ఖర్మ.

మావయ్య తుపాకీని వీపు వెనక దాచాడు. అది ఆయన తల పైకి రెండు గొట్టాలతో కనిపిస్తూనే ఉంది. "రెండూ పేలినాయిరా" అన్నాడు, ఏమనాలో తెలియక.

"బండి ఆపించినావు మావా! ఇంత బొగ్గు బండిని నడిమజ్జిన ఆపించినావు! కంట్రోలుకి ఏటి సెప్పాల నాను?"

"ఉన్నదే సెప్పు" అన్నాడు మావయ్య. "తప్పు నాది. నా పేరు రాసుకో. పుస్తకం ఉన్నాది." లోపలి జేబులోంచి కవరు తీశాడు, ఆ కవర్లోంచి ఇంకో కవరు తీశాడు.

రాసుకుంటే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. తుపాకీ పోతుంది, లైసెన్సు పోతుంది, ఈ వయసులో ఠాణా మెట్లు అనుమతి కాయితం కోసం కాకుండా ఎక్కాల్సి వస్తుంది. డ్రైవరు చేతిలో వాకీటాకీ గరగరలాడింది. వెనక నుంచి గార్డు, బండి ఎందుకాగిందని అడుగుతున్నాడు. డ్రైవరు గోతిలోకి చూశాడు. చలికి వణుకుతూ, లైసెన్సు పుస్తకం పైకెత్తి పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని కాసేపు అలాగే చూశాడు.

"మవేశీ ఆ గయా థా. చలా గయా" అన్నాడు వాకీటాకీలో. గొడ్డు అడ్డొచ్చింది, వెళ్లిపోయింది అని. తర్వాత రిపోర్టులోనూ అదే రాశాడు.

బండి కదిలింది. మా పైనుంచి ఒక్కొక్క వ్యాగనూ వెళ్తుంటే మావయ్య భయం గియం మర్చిపోయి చెవి ఒగ్గి వినడం మొదలెట్టాడు. "ఆ నడిమి బండి ఎనక సక్రం సరిగ్గా పలకడం నేదు. ఆడికి ఫోను సెయ్యి మాస్టారూ" అని ప్రాణం తీశాడు. అప్పుడే తప్పించుకున్న మనిషికి ఫోను చేసి నీ బండి చక్రం బాగులేదని చెప్పడం నా వల్ల కాదన్నాను. చివరికి ఆ సాయంత్రం ఆయనే చేశాడు. అది నిజమో కాదో నాకెవరూ చెప్పలేదు.

తిరుగుదారిలో సగం దూరం కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు. పూరీ గేట్ దగ్గర పడుతుండగా హఠాత్తుగా నా భుజం నొక్కాడు.

"మాస్టారూ, ఆడు నన్ను గొడ్డన్నాడు."

"మిమ్మల్ని కాపాడాడండీ."

"కాపాడనీ. మనిసి అడ్డొచ్చినాడని సెప్పీ కాపాడొచ్చు గదా?"

నాలుగో రోజున కమిటీ కూర్చుంది. బాక్సు కోసం అద్దె కూడా మాట్లాడి వచ్చామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. తుపాకీ పేలుతుందా మావయ్యా అని పెద్దవాళ్లలో ఒకాయన అడిగాడు.

"పేలతాది" అన్నాడు మావయ్య.

"నువ్వెక్కడ సూసినావు?"

మావయ్య అబద్ధం ఆడడు. నిజం చెబితే కాపాడినవాడి ఉద్యోగానికే ఎసరు. నోరు తెరిచి, మూసి, ఇంటి దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పోయిన ఏటి "ఠాయ్" కూడా ఆ గొంతుదే. నేను గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను.

అప్పుడు సెక్రటరీ లేచాడు. బాక్సు తెద్దామన్న మొదటి మనిషి అతనే.

"తుపాకీ పేలతాది. నాది పూసీ."

"నీకెలగ తెలుసు?"

తేలుకుట్టిన దొంగలా చుట్టూ చూశాడు. "తెలుసు" అన్నాడు.

"ఎలగ తెలుసని అడుగుతన్నాం."

"తెలుసన్నాను గదా! అమ్మోరి కాడ పెమాణం సెయ్యమంటారేటి?" అని కసిరి కూర్చున్నాడు. వాళ్లు ఎంత గుచ్చి అడిగినా అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. బాక్సు మాట అక్కడితో పోయింది.

ఆ ఏడు డప్పులు ఆగాయి. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఢామ్మని ఆకాశం పలికింది. పూరీ గేట్ కాకులన్నీ లేచాయి. అమ్మవారు కదిలింది. మావయ్య తుపాకీ దించి, జనం వంక కాదు, సెక్రటరీ వంక చూశాడు. సెక్రటరీ ఘటాల వెనక్కి తప్పుకున్నాడు.

గొడ్డు మాటను మాత్రం ఆయన చచ్చేదాకా వదల్లేదు. సెక్రటరీ డ్యూటీ దిగి ఆ వీధిన వెళ్తుంటే అరుగు మీంచి "ఒరే, గొడ్డు మేత మేసినాదిరా" అని కేకేసేవాడు. "ఒగ్గేయ్ మావా, నీకు పున్నెముంటాది" అనేవాడు సెక్రటరీ. "ఒగ్గను. రిపోర్టులో రాసినావు గదా, మరి గొడ్డుకి మాటెలగ తెలుస్తాది?" అనేవాడు మావయ్య. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆసుపత్రిలో ఆఖరి వారం కూడా, సెక్రటరీ పళ్లు పట్టుకుని వస్తే, "పళ్లెందుకురా, గడ్డి తేకపోయినావా" అన్నాడట.

లైసెన్సుదారు పోతే తుపాకీ ఠాణాలో అప్పగించాలి. అత్తమ్మతో నేను వెళ్లాను. అక్కడి అతను రిజిస్టరులో, జోడు గొట్టాల పాత తుపాకీ ఒకటి అని రాసుకున్నాడు. అత్తమ్మ కదల్లేదు.

"పలుకుతాదని రాయమను బాబూ" అంది.

నేను నాకొచ్చిన బెంగాలీలో, ఇది పనిచేసే తుపాకీ అని రాయండి దాదా అన్నాను. ఆయన ఆవిడ ముఖం చూసి, కలం తీసి, ఆ మాట చేర్చాడు.

ఇదంతా ఆ మెట్టు మీద నిలబడే తలుచుకున్నాను. మావయ్య పోయాక నేను కాలేజీ క్వార్టర్స్‌కి మారిపోయాను, ఆ వీధి వైపు వెళ్లడమే తగ్గింది. తేరుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగేసరికి ఇంజను చుట్టూ జనం. దండలు గడ్డం దాకా వచ్చిన మనిషి ఎవరా అని తొంగి చూస్తే, సెక్రటరీ. నన్ను చూసి పూల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి లాగాడు.

"రెండే పేలాయేం?" అన్నాను, పలకరించడం కూడా మర్చిపోయి.

"కుర్రోలు పన్నెండు కడతామన్నారు. రెండు సాలన్నాను." గొంతు తగ్గించాడు. "ఇయి నాయి కావు మాస్టారూ. మావని ఆ దినం గొడుగిచ్చి పంపీసినారు గదా."

ఆయన దండ చివరతో కళ్లొత్తుకున్నాడు.

"గొడ్డని రాసినాను. ఇప్పటికైనా ఒగ్గేస్తాడంటావా?"

"ఒగ్గడు" అన్నాను. ఆ మాట వాళ్ల యాసలో నా నోట వస్తుందని నేనే అనుకోలేదు.

ఆయన నవ్వాడు. ఎవరో శాలువా పట్టుకుని పిలుస్తున్నారు. వెళ్లబోతూ ఇంజను పక్కరేకును వేలి కణుపుతో ఒకసారి కొట్టి, నా వైపు తిరిగాడు.

"లోపల కూకున్నోడికి సరిగ్గా ఇనబడనేదు మాస్టారూ. పలికినాయా?"

"పలికాయి" అన్నాను. "రెండూ పలికాయి."